ఖాళీ గడి

నా చేతికిచ్చింది ఒక ఇత్తడి గంట, ఒక గడియారం.
పది నిమిషాలకు ఒకసారి కొట్టాలి,
పన్నెండుకు రెండుసార్లు,
పదిహేనుకు మూడు.
ఆపైన ఎంతటివారైనా దిగిపోవాల్సిందే.

అనువర్తిత కీటక, జంతుశాస్త్ర సంఘం,
వార్షిక సమావేశం, నాగసాకి.
మూడో హాలు. చివరి రోజు, చివరి ప్రసంగం.
జనం అప్పటికే పెట్టెలు లాక్కుంటూ స్టేషన్ దారి పట్టారు.
మిగిలింది తొమ్మిదిమంది,
అందులో ఒకరు నిద్రలో.

ఉరుషిబారా గారు వచ్చి
మాకంటే ముందు తెరకు వంగి దణ్ణం పెట్టారు.
ఇసహాయా దగ్గర ఒకే పొలంగట్టు, ఒకే దీపపు ఎర,
ముప్పైఎనిమిది వేసవులు.
జూన్‌లో నైరుతి గాలి సముద్రం మీంచి
మోసుకొచ్చే సుడిదోమల్ని
ప్రతి తెల్లవారుజామునా జల్లెడలో వంపి
పట్టకారుతో ఒక్కొక్కటే ఎంచారాయన.
వడ్లగింజలో సగం కూడా ఉండదు.
రాత్రీ పగలూ రెక్కలాడిస్తూ చైనా నుంచి వచ్చి వాలుతుంది,
నిండు మడి నడుమ బండిచక్రమంత సుడి
మాడ్చి పెడుతుంది.

"ఒక రాత్రి నలభై వేలు. మర్నాడు మూడు.
నలభై వేలు పడ్డ రోజు పొద్దుగుంకేదాకా ఎంచి
అన్నం ముద్ద మీది నువ్వుల్ని కూడా ఎంచబోయాను."
ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వించాలనుకోనూ లేదు.

తెర మీద రేఖలు లేవు, సిద్ధాంతం లేదు,
అన్నీ గడులే.
"ఏమీ పడని రాత్రి సున్నా రాశాను.
సున్నా అంటే చూశాను, లేదు అని.
ఖాళీ అంటే చూడలేదని.
ఈ రెంటినీ ఒకటి చేసేవాడికి
మన సంఘంలో పని లేదు."

ఒకసారి కొట్టాను. రెండుసార్లు కొట్టాను.
వెనక వరుసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది,
కగోషిమా నుంచి, మొదటి ఏడాది విద్యార్థిని.
"తొంభైయారు, జూన్ పందొమ్మిది.
ఆ గడి ఖాళీగా ఉందండీ."

ఆయన తెరవైపు తిరిగారు.
అన్ని వేల గడుల్లో
అదెక్కడుందో వెతకలేదు.
నోరు తెరిచారు.
గడియారంలో పదిహేను.
కొట్టాను, మూడుసార్లు. నా పని అది.
వచ్చిన మాట మింగేసి, వంగి, దిగిపోయారు.
నిద్రపోయినాయన లేచి చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం పురుగుల సమాధి దగ్గర
ఏటా జరిగేదే:
మేం చంపినవాటికి మేమే అగరొత్తులు వెలిగించడం.
సన్నటి తుంపర. గొడుగుల కింద వరస.
అధ్యక్షుడు, మందుల కంపెనీవాళ్లు,
ఎలుకల నిపుణురాలు,
అడవిపందులకు కంచెలు కట్టి కట్టి
భుజం ఒకవైపు వాలిపోయిన మొరినాగా గారు.

గంట కొట్టిన తప్పు కాస్తయినా కరుగుతుందేమోనని
"మొత్తం ఎన్ని?" అని అడిగాను.
"పదకొండు లక్షల నలభైరెండు వేల ఆరు."
అన్నిటికీ కలిపి ఒకే వత్తి.
మూడో అగ్గిపుల్లకు అంటుకుంది.
అప్పుడు తనే అన్నారు:

"ఆ రాత్రి దీపం ఆర్పేశాను.
పక్కమడివాళ్ల పిల్ల, నాలుగేళ్లది,
మిణుగురులు మన వైపు ఎందుకు రావు తాతా అంది.
నా దీపానికి జడిసి రావని
చెప్పడానికి సిగ్గేసింది.
ఒక్క రాత్రి."
"వచ్చాయా?"
"లెక్కపెట్టలేదు."

ఈ వేసవి నుంచి ఆ గట్టు మీద కెమెరా ఎంచుతుంది.
తడిసి ఉబ్బిన ఆయన పుస్తకాలన్నీ
కంప్యూటర్లోకి ఎక్కించే పని నాది.
స్పిరిట్ వాసన, అక్కడక్కడా ఒక రెక్క.
తొంభైయారు దగ్గర యంత్రం ఆగింది.
విలువ లేదు, సున్నా వెయ్యమంటారా?
వద్దన్నాను.
మళ్లీ అడిగింది. మళ్లీ వద్దన్నాను.
అయితే కారణం రాయమంది.
'చీకటి' అని కొట్టాను.
ఆ మాట జాబితాలో లేదట.